పదిహేను రోజుల వాపసు బోర్డు పెట్టాక ఏం జరిగింది: విజయనగరంలో ఒక చీరల కొట్టు నుంచి

2025 ఆగస్టు 1న, శ్రావణ శుక్రవారం పొద్దున్నే కొట్టు ముందు బోర్డు కట్టాం. "కొన్న పదిహేను రోజుల్లోపు, కారణం ఏదైనా సరే, తెచ్చి ఇస్తే డబ్బు వాపసు." గంటస్తంభం చుట్టుపక్కల ఇలాంటి మాట రాసిన చీరల కొట్టు మాకు తెలిసి ఇంకోటి లేదు. ఫోన్‌లో కొనేవాళ్ళకి ఏడు రోజులు, పది రోజులు వాపసు అలవాటైపోయింది, మనం అది ఇవ్వకపోతే బేరం మిగలదన్నది మా లెక్క. బోర్డుకి ఫ్లెక్సీ ఖర్చు తప్ప ఇంకేం కాదనుకున్నాం.

బోర్డు లేనప్పుడు మాత్రం వాపసు లేదా? ఉంది. పెళ్ళి ఇళ్ళవాళ్ళు పదీ పదిహేను చీరలు మూట కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్తారు. పెద్దవాళ్ళు చూసి నాలుగు ఉంచుకుని, మిగిలినవి సాయంత్రం పంపించేస్తారు. బిల్లుండదు, ఒక చీటీ మీద సంఖ్య రాసుకోవడమే. ఏళ్ళ తరబడి అలా పంపించినా ఒక్క చీర తేడా రాలేదు. వాళ్ళ ఇల్లు మాకు తెలుసు, మా కొట్టు వాళ్ళకి తెలుసు. అదే నమ్మకాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చాం. ఇచ్చేముందు ఆలోచించాల్సినవి చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది.

మొదటి వారంలో వచ్చింది ఒకే ఒక్క వాపసు, అది కూడా రంగు నప్పలేదని. 8వ తేదీ వరలక్ష్మీ వ్రతం. 11వ తేదీ సోమవారం కొట్టు తెరిచేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆ రోజూ మర్నాడూ కలిపి తొమ్మిది చీరలు వచ్చాయి. తొమ్మిదీ పట్టువో, పట్టులా కనిపించేవో. నూలు నేత చీర ఒక్కటీ లేదు. అప్పటికి మాకు చూడటం రాదు. మడత విప్పి పైపైన ఒకసారి చూడటం, డబ్బు ఇచ్చేయడం. బోర్డు మీద రాసుకున్నాక మొహం మాడ్చుకోకూడదు కదా అని కౌంటర్‌లో అమ్మాయిలకి గట్టిగా చెప్పాం కూడా.

డబ్బు తిరిగివ్వడం దగ్గరే మొదటి తలనొప్పి. యూపీఐలో కట్టినవాళ్ళకి మనం మళ్ళీ వాళ్ళ నంబరుకి పంపాలి. భర్త ఫోన్‌తో కట్టి ఉంటారు, భార్య వచ్చి నగదు అడుగుతుంది. ఇస్తే సాయంత్రం ఆయన ఫోన్ చేసి "డబ్బు నా అకౌంట్‌లో పడనేదేటి?" అంటాడు. రెండుసార్లు ఇలా అయ్యాక, ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడికే పంపుతామని రాసి పెట్టాం. కార్డు అయితే మిషన్‌లోనే పాత లావాదేవీ తీసి రిఫండ్ కొట్టాలి. వాళ్ళ ఖాతాలో పడటానికి వారం పట్టేది. ఆ వారం రోజులూ ఫోన్లు మాకే. అమ్మినప్పుడు కార్డు మీద మాకు పడ్డ కమీషన్ మాత్రం తిరిగి రాలేదు.

రెండోది జీఎస్టీ. వాపసు తీసుకుంటే డబ్బిచ్చి ఊరుకోవడం కాదు, పాత బిల్లు నంబరు చూపిస్తూ క్రెడిట్ నోట్, అంటే ఆ అమ్మకం వెనక్కి పోయిందన్న కాగితం, రాయాలి. రాయకపోతే అమ్మని సరుకుకి పన్ను కట్టినట్టే. ఆగస్టులో వచ్చిన వాటిలో అయిదింటికి బిల్లు లేకుండానే తీసుకున్నాం. ఆ అయిదింటి పన్నూ మా జేబులోంచే పోయింది. బిల్లు లేకపోతే వాపసు లేదన్నది అప్పుడే మొదలుపెట్టాం. ఇది కఠినం అనుకున్నవాళ్ళున్నారు గానీ, ఇందులో మాకు ఇంకో దారి లేదు.

సెప్టెంబర్ 22 గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మేం అసలు ఊహించలేదు. చీర ఎంత ఖరీదైనా గుడ్డ లెక్కే, 5 శాతం. కుట్టిన బట్టలు వేరు. అప్పటిదాకా వెయ్యి రూపాయలు దాటితే 12 శాతం. 22 నుంచి రెండు వేల అయిదు వందల దాకా 5 శాతం అయింది. పన్ను కాక 1,500 ఉన్న చుడీదార్ సెట్టు ముందురోజు దాకా 1,680, ఆ రోజు నుంచి 1,575. తేడా 105 రూపాయలు. సెప్టెంబర్ రెండో వారంలో కొన్నవాళ్ళకి పదిహేను రోజులు ఇంకా ఉన్నాయి. సంచీతో సహా తెచ్చి, వాపసు ఇచ్చి, అదే కౌంటర్‌లో అదే సెట్టు మళ్ళీ కొన్నారు. ఆ వారంలో పదకొండు మంది.

ఇది అన్యాయం అని మా వాళ్ళు మండిపడ్డారు. నాకైతే అలా అనిపించలేదు. బట్ట విప్పలేదు, అబద్ధం చెప్పలేదు, మేం రాసిన గడువులోనే వచ్చారు. మాకు పోయింది అమ్మాయిల టైమూ, కాగితం పనీ. ఒకావిడ అయితే "తిప్పి తీసుకోడం ఎందుకండీ, నూటయిదూ సేతిలో పెట్టీండి, సరిపోద్ది" అంది. అలా ఇవ్వకూడదు. పాత బిల్లు 12 శాతం మీద ఉంది, క్రెడిట్ నోట్ అదే రేటు మీద రాయాలి, కొత్త బిల్లు కొత్త రేటు మీద. చిన్న విషయమే గానీ, అలాంటి పాత బిల్లుల మీద అక్టోబర్‌లో వచ్చిన వాపసులకి ఆ నెల లెక్కలో 12 శాతం వరుసలో అమ్మకాలు లేవు, వాపసులే ఉన్నాయి. ఆ వరుస మైనస్‌లో చూపించాల్సి వచ్చింది. మా అకౌంటెంట్ దాని మీద ఒక పూట కూర్చున్నాడు.

ఆ వారంలోనే, 24న, మేం చేసిన తప్పు ఉంది.

నెల్లిమర్ల వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ చీర తెచ్చింది. బిల్లుంది, పదో రోజు. చీర న్యూస్ పేపర్‌లో చుట్టి ఉంది, విప్పితే పొగ వాసన. మడత మాది కాదు. కౌంటర్‌లో అమ్మాయి వాసన చూసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను కూడా చీర విప్పలేదు. "కట్టేసిన చీర తీసుకోమమ్మా" అన్నాను. ఆవిడ ఎదురు వాదించలేదు. "కట్నేదు బాబూ, కోడలికి నచ్చనేదు" అని ఒక్కసారి చెప్పి, పేపర్‌లో మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయింది.

29న ఇంకో ఆవిడ వచ్చింది. రెండు వారాల క్రితం కొన్న పట్టు చీర ఫాల్ వేయించడానికి ఇచ్చిందట. ఫాల్ వేసే అమ్మాయి చీర పరిచి చెయ్యి పెట్టేసరికి గుచ్చుకుంది. కుచ్చిళ్ళ దగ్గర లోపలి మడతలో పిన్నీసు. సగం తెరుచుకుని ఉంది, దాని సందులో రెండు పట్టు పోగులు ఇరుక్కున్నాయి. దాన్ని మా బల్ల మీద పెట్టి "కొత్త చీరని అమ్మినారు కదండీ" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

పుస్తకం తీసి చూస్తే ఆ చీర ఆగస్టు 12న వచ్చిన వాపసు. కారులో దిగి, మా పాత కవర్లో, మా మడత లాంటి మడతలో తెచ్చి ఇచ్చిన చీర. మూడు నిమిషాల్లో డబ్బిచ్చి, కాఫీ తెప్పించి పంపించాం. అదే రోజు మళ్ళీ అల్మారాలో పెట్టేశాం. ఒకరు కట్టి విప్పిన చీరని కొత్తదని ఇంకొకరికి అమ్మింది మేమే. వాపసు ఇచ్చినావిడ తప్పు ఎంతైనా ఉండనీ, ఈ రెండో అమ్మకం ఆవిడ ఖాతాలో రాయలేం.

పిన్నీసు ఆవిడకి డబ్బంతా తిరిగిచ్చి, ఫాల్ ఖర్చు కూడా ఇచ్చాం. ఆ రాత్రి వాపసు వచ్చి అమ్ముడుపోని చీరలన్నీ కిందికి దించి, ఒక్కోటీ పూర్తిగా విప్పి చూశాం. అప్పటిదాకా మంచివి అనుకున్న వాటిలో ఇంకో ఆరు కట్టినవే తేలాయి. పిన్నీసు చీరతో ఏడు.

పల్లె ఆవిడ నంబరు బిల్లు మీద ఉంది. ఫోన్ చేశాం. దసరా వెళ్ళాక అక్టోబర్ 4న వచ్చింది. ఈసారి బల్ల మీద పరిచి చూశాం. చీర కొత్తది. పొగ వాసన కర్రల పొయ్యిది, చీరపెట్టె వంటింటి పక్కనే ఉంటుందట. డబ్బు, రెండుసార్లు వచ్చిన ఛార్జీలు ఇచ్చాం. తీసుకుని లెక్కపెట్టుకుంటూ అంది: "సీర మీద అనుమానం వొస్తే సీరని సూడాల గానీ, నన్ను సూత్తారేటి బాబూ?"

అప్పటి నుంచి మా పద్ధతి మొత్తం ఈ ఒక్క మాట మీద మారింది. చీరని ఎలా చూడాలో వివరంగా రాస్తున్నాను, వేరే కొట్టువాళ్ళకి పనికొస్తుంది. వాపసు ఇవ్వడానికి వెళ్ళేవాళ్ళకీ తెలిస్తే మంచిదే.

ముందు పొడవు. జాకెట్టు ముక్కతో కలిపి మామూలుగా ఆరు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు. జాకెట్టు ముక్క కత్తిరించేసి ఉంటే దాదాపు ఎనభై సెంటీమీటర్లు తగ్గుతుంది. ఇది నమ్మలేనంత తేలిక, కానీ మొదటి రెండు నెలల్లో ఒక్క చీర కూడా మేం కొలవలేదు. ఒకటి అలాగే వచ్చేసింది, జాకెట్టు ఎక్కడో కుట్టేసుకున్నారు.

తర్వాత కింది అంచు. ఇది అబద్ధం చెప్పదు. ఎంత జాగ్రత్తగా కట్టినా కుచ్చిళ్ళ కింద రెండంగుళాలు నేల తాకుతుంది. తెల్లటి దూది కొంచెం తడిపి, తిరగేసిన వైపు అంచు మీద మెల్లగా అద్దితే బూడిద రంగు వస్తుంది. అద్దాలి గానీ రుద్దకూడదు, పట్టు మీద రుద్దితే మెరుపు పోతుంది. కొట్టులో దుమ్ముతో కూడా దూది మురికి కావచ్చు, అందుకే పై అంచుకి కూడా అద్ది రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. కిందదే మురికైతే కట్టినట్టు. రెండూ ఒకేలా ఉంటే అది మా అల్మారా దుమ్ము.

పిన్ను గుర్తులకి వెలుతురు కావాలి. ట్యూబులైటు కింద కాదు, తలుపు దగ్గర ఎండకి అడ్డంగా పట్టుకోవాలి. భుజం మీద పిన్ను పెట్టే చోటు, నడుము దగ్గర కుచ్చిళ్ళు పిన్ను చేసే చోటు, ఈ రెండే వెతకాలి. పట్టులో పోగులు పక్కకి జరిగి చిన్న కన్నంలా ఉండిపోతాయి. నూలు నేత చీర నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే ఆ కన్నం మూసుకుపోతుంది, అక్కడ ఈ పరీక్ష నమ్మొద్దు. నేత చీరకి గంజి చూడాలి. ఒకసారి కుచ్చిళ్ళు పోస్తే గంజి అక్కడ విరిగి మెత్తబడుతుంది, మిగతాచోట బిగువుగా ఉంటుంది. వేళ్ళతో తెలుస్తుంది, ఇస్త్రీతో ఆ బిగువు తిరిగి రాదు.

ఫాల్ కుట్టి విప్పేస్తే కింది అంచు పొడవునా వరసగా సూది గుర్తులు. ఇది అందరికీ తెలిసిందే, అందుకే ఎవరూ ఫాల్ వేయించి తేరు.

పసుపు మరకా, చీర రంగేనా అన్న అనుమానం వస్తే చీర మీద ఏమీ పోయకూడదు. పొడి ఇయర్‌బడ్‌తో ఆ మరక మీద నొక్కితే కొంచెం పసుపు అంటుకుంటుంది. ఆ బడ్‌ని బట్టల సబ్బు నీళ్ళలో ముంచితే, పసుపు అయితే ఎర్రబడుతుంది. ఇంట్లో పసుపు చేతుల్తో సబ్బు ముట్టుకున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే. వ్రతానికి కట్టిన చీరల్లో మూడు ఇలా బయటపడ్డాయి.

చుడీదార్లకి చంకలు, మెడ. సెంటు తెల్లటి పొరలా ఎండుతుంది, పౌడర్ కాలర్ మడతలో దాక్కుంటుంది. పిల్లల గౌన్లకి చేతుల అంచు. పుట్టినరోజు ఫోటోలయ్యాక వచ్చేవాటిలో కేకు క్రీము అక్కడే ఉంటుంది.

వాసన చివర చూడాలి. వాసన ఒక్కటే పట్టుకుని ఎవరినీ కాదనకూడదు. సాంబ్రాణి, కలరా ఉండలు, పొయ్యి పొగ ఇవన్నీ ఇంటి వాసనలు, కట్టినట్టు గుర్తులు కావు. చెమట వాసన వేరు, అది కూడా చంకల దగ్గరో జాకెట్టు తగిలే భుజం దగ్గరో ఉండాలి. చీరంతా ఒకేలా వాసన వస్తే అది బీరువాది.

ఇదంతా చెయ్యడానికి ఒక చీరకి నాలుగు నిమిషాలు పడుతుంది. ఎవరైనా సరే, ఎదురుగా కూర్చోబెట్టి, అదే వరసలో. మొదట్లో కొందరికి కోపం వచ్చింది, కానీ లోపలికి తీసుకెళ్ళి గుసగుసలాడటం కంటే ఇది నయం. గుసగుసలే జనాన్ని ఎక్కువ బాధపెట్టాయి.

ఇక సిరిమాను. అక్టోబర్ 7 మంగళవారం. ఊరంతా బంధువులతో నిండిపోతుంది, పైడితల్లి అమ్మవారి ఉత్సవానికి కొత్త బట్ట కట్టనివాళ్ళు ఉండరు. ముందు వారం రోజులూ కొట్టులో ఊపిరాడలేదు. అప్పుడే మాకు తెలుసు ఏం రాబోతోందో. 8, 9 తేదీల్లో పద్నాలుగు వచ్చాయి. ఇప్పుడు బల్ల ఉంది, దూది ఉంది, టేపు ఉంది. పద్నాలుగులో అయిదు కట్టినవి.

ఆ అయిదుగురిలో నలుగురు కట్టలేదనే అన్నారు. కింది అంచు దూదిని చూపిస్తే ఇద్దరు నవ్వేసి పట్టుకెళ్ళిపోయారు. ఒకాయన "మీ కొట్లో దుమ్మే" అని గొడవపడ్డాడు, పై అంచు దూది చూపిస్తే తగ్గాడు. నాలుగో ఆవిడ ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయింది, ఆ తర్వాత మా కొట్టుకి రాలేదు. అయిదో ఆవిడ మాత్రం కూర్చుని, మేం చీర ముట్టుకోకముందే చెప్పేసింది. "ఒక్కసారి కట్నానండి, సిరిమానుకి. జనంలో నడుత్తుంటే తెలిసింది, నాకు బరువైపోయింది. కారణం ఏదైనా సరే అని రాసినారు కదా."

రాశాం. ఆవిడకి డబ్బిచ్చాం. మా వాళ్ళలో ఒకళ్ళకీ ఇది నచ్చలేదు, ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. మిగతా నలుగురూ చేసిందీ ఈవిడ చేసిందీ ఒకటే కదా అంటారు. చీర పరంగా ఒకటే. కానీ మేం రాసిన మాటని ఉన్నదున్నట్టు చదివి, ఉన్నదున్నట్టు చెప్పిన మనిషిని మోసగత్తె అనడానికి నాకు నోరు రాదు. మేం అమ్మినది బోర్డు మీది మాటే, ఆవిడ కొన్నది ఆ మాటే. కట్టి, ఇస్త్రీ చేయించి, ట్యాగు మళ్ళీ తగిలించి, విప్పనే లేదని చెప్పేది వేరే పని. అక్కడ మమ్మల్ని నమ్మించి తీసుకుంటున్నారు. అది మోసమే, పండగైనా వ్రతమైనా.

నష్టం ఎంత అని అడుగుతారు. ఒక చీర లెక్క చెప్తాను. కొన్నది 1,750, అమ్మింది పన్నుతో 2,400. వాపసు ఇచ్చాం. డ్రై వాష్‌కి 180, రోలింగ్‌కి 60. మళ్ళీ అమ్మింది 1,500కి, అందులో పన్ను పోతే మాకు మిగిలింది 1,428. మొత్తం మీద 562 రూపాయలు చేతిలోంచి పోయాయి, రావాల్సిన అయిదు వందల పైచిలుకు లాభం పోవడం వేరే. సూరత్ వ్యాపారి తను పంపిన సరుకులో లోపం ఉంటేనే తీసుకుంటాడు, మా దగ్గర ఎవరో కట్టుకున్నారంటే నవ్వుతాడు. కాబట్టి ఈ 562 ఎక్కడికీ పంపించలేం. ఇంకో చీర ధరలో కలపాలి, అంటే వాపసు జోలికే రాని ఎవరో కట్టాలి.

అమ్మాయిల సంగతి కూడా చెప్పాలి. చీరకి ఇరవై రూపాయలు కమీషన్ ఇస్తాం. వాపసు వస్తే అది కోసేవాళ్ళం. సెప్టెంబర్ అంతా వాళ్ళు వాపసు తెచ్చినవాళ్ళ మొహాలు చూసి లెక్క కట్టడం మొదలుపెట్టింది అందుకే. ఎవరి దగ్గర గట్టిగా మాట్లాడితే ఊరుకుంటారో వాళ్ళ దగ్గర గట్టిగా మాట్లాడారు. పల్లె ఆవిడ దగ్గర జరిగింది అదే. కోత ఆపేశాక ఆ చూపు చాలావరకూ పోయింది.

అక్టోబర్ 13న పాత బోర్డు దించేశాం. అప్పటిదాకా వచ్చినవి లెక్కిస్తే, ఆ 105 రూపాయల పదకొండు పక్కన పెడితే, అరవై ఒకటి. అందులో ముప్ఫై ఎనిమిది నిజంగా కట్టనివి, రంగో కొలతో కుదరక వచ్చినవి. ఏడు మా సరుకులో లోపం. పదహారు కట్టినవి, వాటిలో అప్పటికప్పుడు పట్టుకున్నవి తొమ్మిది, పిన్నీసు చీరతో కలిపి ఆ రాత్రి అల్మారా దించాక తేలినవి ఏడు. అంటే ఎక్కువమంది నిజాయితీగానే వచ్చారు. ఆ పదహారుని చూసి మేం అనుమానించింది ఆ ముప్ఫై ఎనిమిది మందిని.

లోపం ఉన్న ఏడింటిలో ఒకదాని గురించి. రంగు దిగిన చీర, పంతొమ్మిదో రోజు తెచ్చారు. మా వాళ్ళు పదిహేను రోజులు దాటిపోయాయన్నారు. ఆయన శాంతంగా బిల్లు తీసి చూపించాడు. మేం బోర్డు పెట్టాం గానీ బిల్లు పుస్తకం పాతదే, అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. నెత్తి మీద ఒక మాట, కాగితం మీద ఇంకో మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న సరుకుని బిల్లు మీద రాసిన గడువులో, బిల్లు మీద గడువు లేకపోతే ముప్ఫై రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బోర్డు కాదు, బిల్లు. మా బిల్లు మీద గడువు లేదు, కాబట్టి ముప్ఫై రోజులు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానని ఆయన అననే లేదు, అనాల్సిన అవసరం రాలేదు. చట్టం చెప్పేది లోపం ఉన్న సరుకు గురించే, మనసు మారితే కొట్టువాడు తీసుకోవాలని ఎక్కడా లేదు. అది మేం మా ఇష్టంతో ఇచ్చేది. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిపేయడమే మా మొదటి బోర్డులో తప్పు.

కొత్త మాట ఇప్పుడు బిల్లు వెనకే అచ్చు వేయించాం. లోపం ఉంటే ముప్ఫై రోజులు, ఫాల్ వేసినా సరే, డబ్బు వాపసు. నచ్చకపోతే ఏడు రోజులు, ట్యాగు ఉన్నచోట ఉండాలి. అంతే, రెండు వాక్యాలు.

ట్యాగు ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవడానికి మాత్రం పది రోజులు పట్టింది. లోపలి మడతకి పెడితే కనపడకుండా దోపేసి కట్టేస్తారు. పైట చెంగు అంచుకి, బయటికి వేలాడేలా, అరచేయంత కార్డు, దాని మీద బిల్లు నంబరు. ఇంట్లో అద్దం ముందు భుజాన వేసుకుని చూసుకోవడానికి అడ్డు కాదు, దాంతో పేరంటానికి మాత్రం వెళ్ళలేరు. మొదట ట్యాగు గన్‌తో కొట్టాం. గన్ మూడు వందల లోపే, కానీ దాని సూది మంగళగిరి పట్టు చీర చెంగులో దిగి పోగు లాగేసింది. ఆ చీర మేమే పాడుచేసుకున్నాం. స్టిక్కర్ అయితే జిగురు మరక. చివరికి చెంగు కుచ్చుల ముడిలోంచి నూలు దారం దూర్చి, సీసం బిళ్ళ నొక్కేది కుదిరింది. పాత రోజుల్లో కరెంటు మీటర్లకి వేసేవారే, అలాంటిది. కుచ్చులు లేని చీరకి అంచు పక్కన బట్టలు కుట్టే సన్న సూదితో చేత్తో కుట్టాలి. చీర మార్చి పాతది తెచ్చేవాళ్ళ కోసం బొడ్లో దోపుకునే కొసన ఒక రంగు దారం కుట్టు కూడా వేస్తాం. నెలకో రంగు.

దీపావళి, కార్తీకం, సంక్రాంతి వెళ్ళాయి. అక్టోబర్ 13 నుంచి జనవరి 19 దాకా ఇరవై ఏడు వాపసులు. కట్టినవి రెండు. ఒకటి ట్యాగు తెంపి తెచ్చారు, తీసుకోలేదు. రెండోది ట్యాగుతోనే కట్టి, పైట వెనక్కి తిప్పి పిన్ను చేసి ఫోటోలు దిగారు. ఫోటో మాకు స్టేటస్‌లో కనిపించింది. ట్యాగు ఉన్నచోటే ఉంది కాబట్టి తీసుకున్నాం. పెళ్ళి మూటలు ఎప్పట్లాగే చీటీ మీదే వెళ్తున్నాయి, వాటికి ట్యాగు గీగూ లేదు.

ఇక ఆ ఏడు చీరలు, సిరిమాను ఆవిడదీ. డ్రై వాష్ చేయించి, మెట్ల పక్కన ఒక అర ఖాళీ చేసి, "ఒకసారి కట్టినవి" అని అట్ట మీద రాసి పెట్టాం. ఎవరూ ముట్టుకోరనుకున్నాం. సంక్రాంతి వారంలో ఆరు పోయాయి. అడిగేవాళ్ళు మొహమాటపడలేదు, మేమే మొహమాటపడ్డాం. మొన్న ఒకమ్మాయి ఆకుపచ్చ జరీ అంచుది తీసి, మూడుసార్లు భుజాన వేసుకుని చూసుకుని, "ఎవరు కట్నారేటి దీన్ని?" అని అడిగింది.

"అదొక్కటి అడక్కమ్మా" అంది మా కౌంటర్‌లో అప్ప. "పదిహేను వందలు. దీనికి వాపసు లేదు."